చెల్లెలి పేరున పెట్టిన ముద్ద

ఇలా దగ్గరగా జరిగి కూర్చోండి తల్లీ. పొయ్యి మీద పాలుంటే దించేసి రండి. సగంలో లేచి వెళ్తే ఈ మాటకి తోక దొరకదు. నేను ఐదో తరగతి దాటలేదు గానీ, చూసింది మరిచిపోయే అలవాటు మాత్రం లేదు. మొన్న మార్గశిరంలో మా ఆయనా నేనూ విమానమెక్కి సముద్రం దాటి వెళ్ళాం. వెళ్ళేటప్పుడు ఇద్దరం, వచ్చేటప్పుడు ముగ్గురం. ఆ మూడో మనిషికి మేం అప్పటికే దినం చేసేసి రెండేళ్ళు కావస్తోంది.

తాడేపల్లిగూడెం

మాది గూడెం. మా ఆయన ఉల్లిపాయల మార్కెట్టులో కాటా దగ్గర ముప్పై ఏళ్ళు పనిచేశారు. ఒక్కతే కూతురు, సునీత. మొగుడితో మస్కట్‌లో ఉంటుంది, అక్కడ నర్సు. "ఒక్క నెల వచ్చి ఉండండమ్మా" అని ఏడాదిగా పోరి పోరి టిక్కెట్లు తీసేసింది.

నా పుట్టిల్లు మటుకు కొల్లేట్లో ఒక లంక. నా వెనక చెల్లెలు రత్నం, దాని వెనక తమ్ముడు సూరిబాబు. రత్నం మొగుడు పచ్చకామెర్లతో పోయాడు. ఎనిమిదేళ్ళ కూతురు చిన్నిని మా అమ్మ దగ్గర వదిలి, అది ఇంటిపనికి గల్ఫ్ వెళ్ళింది. రెండేళ్ళు పక్కింటి వాళ్ళ ఫోనుకి మాట్లాడేది. తర్వాత ఆగిపోయింది. పంపించిన ఏజెంటు ఇంటికి తాళం. పక్కింటి వాళ్ళు ఊరు వదిలిపోయారు. ఒక ఏడు, రెండేళ్ళు, అలా పన్నెండేళ్ళు గడిచాయి.

చిన్నికి ఆకివీడు సంబంధం వచ్చింది. "తల్లి ఉన్నట్టా, లేనట్టా?" అని అడిగారు మగపెళ్ళివారు. ఏం చెబుతాం? పన్నెండేళ్ళు కబురు లేని మనిషికి కర్మ చేసెయ్యాలని పెద్దలన్నారు. దర్భలతో బొమ్మ కట్టి, రత్నం చీర ముక్క చుట్టి, చెరువు గట్టు మీద కాల్చాం. పదో రోజు పిండం పెడితే కాకి ముట్టలేదు. "చిన్ని పెళ్ళి బాగా చేస్తామే" అన్నాం. ముట్టలేదు. "అమ్మని చూసుకుంటామే" అన్నాం. రెల్లు మీద కూర్చుని మెడ వంచి చూస్తోంది గానీ దిగదు. ఎండ నడినెత్తికొచ్చింది. అప్పుడు సూరిబాబు, "మీరంతా వెళ్ళి స్నానాలు చెయ్యండి, నేను చూస్తాను" అన్నాడు. మేం నీళ్ళలో మునిగి లేచేసరికి, "ముట్టిందే అక్కా, ముట్టింది!" అని కేక పెట్టాడు. అందరం ఏడ్చాం. ఏడుపులో కొంత నెమ్మది కూడా ఉంది, అబద్ధమెందుకు.

ఆ రోజు నుంచి రత్నం ఫొటోకి దండ. మా అమ్మ రోజూ పొద్దున్నే గోడ మీద ఒక ముద్ద పెడుతుంది. ఒక కాకి వచ్చి తింటుంది. "రత్నం వచ్చింది" అంటుంది అమ్మ, మనిషి వచ్చినంత మామూలుగా.

మస్కట్

విమానాల దగ్గర ఆవకాయ సీసా పట్టుకున్నారు. "బాంబు కాదండీ, ఆవకాయండీ, మీరే మూత తీసి చూడండి" అన్నారు మా ఆయన. తనిఖీ చేసే పిల్ల నవ్వింది గానీ సీసా ఇవ్వలేదు.

మస్కట్ ఎంత శుభ్రమో చెప్పలేను. ఇళ్ళన్నీ సున్నం వేసినట్టు తెల్లగా, వెనక నల్లటి రాతికొండలు, ఒక్క చెట్టు లేని కొండలు. టీ వంద బైసాలు, అంటే మన ఇరవై రూపాయల పైమాటే. మా ఆయన ఏ కొట్టుకెళ్ళినా ముందు ఉల్లిపాయల ధర అడుగుతారు. "ఇక్కడివి నీళ్ళ పాయలే, మన కాటా మీద నిలబడవు" అని తీర్పు చెప్పేస్తారు. సునీత తెలిసినవాళ్ళింట్లో చిన్న చిన్న కప్పుల్లో చేదు కాఫీ పోశారు. తాగేశాను, మళ్ళీ పోశారు. కాదనడం మర్యాద కాదేమోనని తొమ్మిది కప్పులు తాగాను. చాలనుకుంటే కప్పుని ఇటూ అటూ ఊపాలిట. ఇంటికొచ్చాక గుండె దడతో ఆ పూటంతా పడుకోలేకపోయాను.

ఒక్కటి మాత్రం మన ఊరిదే కనపడింది: కాకులు. ఓడలెక్కి మన దేశం నుంచే వచ్చాయని అల్లుడు చెప్పాడు. మూడో రోజు పొద్దున్న, అమ్మ అలవాటు నాకూ ఉంది కదా అని, పిట్టగోడ మీద రత్నం పేరున అన్నం ముద్ద పెట్టాను. కాకి వచ్చింది. ముద్ద చుట్టూ తిరిగింది. నన్ను చూసింది. ముట్టకుండా ఎగిరిపోయింది. మర్నాడూ అంతే. ఆ మర్నాడూ అంతే.

"బాస్మతి బియ్యం పడలేదేమోలే" అన్నారు మా ఆయన. నేను నవ్వలేదు.

సూర్

సునీత ఆసుపత్రిలో నయమైన ఒక ముసలామె, తన ఊరు రమ్మని భోజనానికి పిలిచింది. ఊరి పేరు సూర్. కారులో రెండున్నర గంటలు, ఒక పక్క కొండ, ఒక పక్క సముద్రం. ఆవిణ్ణి అందరూ ఉమ్ సాలెం అంటారు, సాలెం తల్లి అని. మన దగ్గర సాలెం వాళ్ళమ్మ అన్నట్టే. మగవాళ్ళు ఒక గదిలో, ఆడవాళ్ళు ఒక గదిలో, నేల మీద పెద్ద పళ్ళెం చుట్టూ కూర్చుని అందులోనే తినడం. మన ఎంగిలి పట్టింపు వాళ్ళకి లేదు. నేను ముందు జంకాను, తర్వాత చేప రుచికి అది మరిచిపోయాను.

తిన్నాక చేతులు కడుక్కోవడానికి పెరట్లోకి వెళ్ళాను. గోడ మీద ఖర్జూరపాకు, దాని మీద పచ్చి చేప తోకముక్క ఒకటి.

మీకు అందులో ఏముందో తెలియదు, చెబుతాను వినండి. మా లంకలో చేప కోస్తే మొదటి తోకముక్క అమ్మవారిది. ఆకు మీద గోడన పెట్టి గానీ రెండో ముక్క కొయ్యరు. కైకలూరులో చెయ్యరు, ఏలూరులో చెయ్యరు, మా పక్క లంకలో కూడా చెయ్యరు. మేమే.

వంటింటి గడపలో ఒకామె అటు తిరిగి కూర్చుని చేపలు తోముతోంది. ఒంటి నిండా నల్ల బట్ట. నాకు తెలియకుండానే మన భాషలో అడిగేశాను.

"ఈ తోక ఎవరిది?"

"అమ్మవారిది" అంది ఆమె, తల తిప్పకుండానే.

తర్వాత ఇద్దరం కదల్లేదు. కుళాయి నీళ్ళు పోతూనే ఉన్నాయి. ఆమె మెల్లగా ఇటు తిరిగింది. మా అమ్మ ముఖం, నలభై దాటినప్పటి మా అమ్మ ముఖం.

"మంగక్కా" అంది. "నువ్వు కూడా పోయావా?"

చూశారా తల్లీ, నేను దాన్ని చూసి దడుసుకుంటే, అది నన్ను చూసి, చచ్చిపోయి వచ్చాననుకుంది!

ఏడుపులయ్యాక దాని కథంతా చెప్పింది. మొదటి ఇంటివాళ్ళు ఫోనూ కాగితాలూ లాగేసుకున్నారట. పారిపోయి వస్తే ఉమ్ సాలెం చేరదీసింది. కాగితాలు లేని మనిషి, పోలీసులంటే భయం, చదువు రాదు. ఎవరిచేతో రాయించిన ఉత్తరం తిరిగొచ్చింది. ఏడాది కిందట నరసాపురం ఆవిడొకామె సెలవుకి వెళ్తుంటే మా ఊరు వెళ్ళి చూసి రమ్మంది.

"ఆవిడ వచ్చి చెప్పింది, మీ ఇంట్లో నీ ఫొటోకి దండేసి ఉంది, లోపలికి వెళ్ళడానికి భయమేసి వచ్చేశానని. ఇంకేం చెయ్యను అక్కా? దినం చేసేసుకున్న వాళ్ళకి, నేనున్నానని కబురు పెడితే దడుసుకోరూ? చిన్ని ఎలా ఉంది?"

"ఆకివీడులో ఉంది. ఏడో నెల."

రత్నం చేతులు కడుక్కుంది. తుడుచుకుంది. మళ్ళీ కడుక్కుంది.

"ఒక్కసారి దాని చేతులకి గాజులు తొడగాలి అక్కా. అంతే. తర్వాత నన్ను మళ్ళీ కాల్చెయ్యండి, ఏమీ అనను."

మస్కట్ విమానాల స్టేషను

కాగితాల గొడవ చెప్పను, రెండు వారాలు పట్టింది, సునీత చెప్పులరిగాయి. ఉమ్ సాలెం మాత్రం రత్నం పాదాలకి తానే గోరింటాకు పెట్టి పంపింది. ఆ ముసలావిడకి జరిగిందంతా చెబితే, "బతికున్నవాళ్ళకి అన్నం పెట్టడం మరిచిపోతాం, మీరు మరవలేదు" అందట. అది మెచ్చుకోలో తిట్టో ఇప్పటికీ నాకు తెలియదు.

విమానమెక్కే ముందు వేలిముద్ర పెట్టమన్నారు. మెషిన్ రత్నం వేలు పట్టలేదు. ఈ వేలు, ఆ వేలు, పదీ అయ్యాయి. పదహారేళ్ళు గిన్నెలూ చేపలూ తోమిన వేళ్ళు, గీత ఒక్కటీ మిగల్లేదు.

"చచ్చినవాళ్ళకి ముద్రలుండవు కాబోలు" అంది రత్నం, నవ్వుతూ.

"నోర్ముయ్యవే" అన్నాను. ఆ కూర్చున్న ఆఫీసరు దాని ముఖాన్నీ కాగితాన్నీ పదిసార్లు చూసి పంపించాడు. విమానంలో దాని చెయ్యి నా చేతిలోనే పెట్టుకున్నాను. చల్లగా ఉంది. చలిమిషను గాలికి అందరి చేతులూ చల్లగానే ఉన్నాయి, మా ఆయనవి కూడా. అయినా ఆయన చేతులు పట్టుకుని చూసి మరీ నమ్మకం తెచ్చుకున్నాను.

ఏలూరు

ఏలూరు స్టేషన్లో పొద్దున్న దిగాం. ఇడ్లీ ప్లేటు నలభై రూపాయలు, అల్లప్పచ్చడి అడిగినంత. రత్నం నాలుగు ప్లేట్లు తింది. చచ్చినవాళ్ళు ఇంత తినరులే అనుకున్నాను.

గాజుల కొట్లో ఆవిడ, "ఏ సైజండీ?" అంది. రత్నం నాలుగు వేళ్ళూ బొటనవేలూ దగ్గరికి మడిచి చూపించింది, ఇంతేసి.

"అవి చిన్నపిల్లలవండీ! సీమంతానికన్నారు కదండీ?"

రత్నం తన చెయ్యి వంకే చూసుకుంటూ ఉండిపోయింది. వదిలి వెళ్ళినప్పుడు చిన్ని చెయ్యి అంతే. నేను నా చెయ్యి ముందుకు చాపి, "దీనికన్నా ఒక పిసరు తక్కువ ఇవ్వండి" అన్నాను. ఆకుపచ్చవీ ఎర్రవీ కలిపి రెండు డజన్లు.

బయటకొస్తుంటే రోడ్డువారన గంప పెట్టుకుని కూర్చున్న ఒక చేపలావిడ లేచి నిలబడింది. మా లంక మనిషే, సుబ్బులు పిన్ని. ఊళ్ళో సగంమందికి పురుడు పోసిన చెయ్యి. ముందు నన్ను చూసి నవ్వబోయింది. తర్వాత పక్కన చూసింది. ఆ చూపు రత్నం ముఖం దగ్గర ఆగలేదు తల్లీ. దిగి, దిగి, పాదాల దగ్గర ఆగింది, ముందుకున్నాయా వెనక్కున్నాయా అని.

రత్నం చీర కుచ్చిళ్ళు పైకెత్తి చూపించింది. "ముందుకే ఉన్నాయి పిన్నీ. గోరింటాకు కూడా పెట్టారు."

మేం బస్సెక్కాక చూస్తే, పిన్ని చేపల మీద ఈగలు ముసురుతున్నా తోలకుండా అలాగే నిలబడి ఉంది.

కైకలూరు రోడ్డు

ఆ రోజు మంచు ఎంతకీ విడలేదు. ఏలూరు దాటి కొల్లేట్లోకి దిగాక రోడ్డొక్కటే ఉంది, రెండు పక్కలా ఏమీ లేదు. నీళ్ళున్నాయో ఆకాశమే ఉందో తెలియదు. చేపల చెరువుల్లో నీళ్ళని చిలికే గాలి మిషన్లు తిరుగుతున్న చప్పుడు, మనుషులెవరో నీళ్ళలో చేతులు కొడుతున్నట్టు. మంచులోంచి సంచి ముక్కు గూడబాతు ఒకటి వచ్చి రోడ్డు దాటి మళ్ళీ మంచులోకి వెళ్ళింది, రెక్క కదపకుండా.

"ఇక్కడ ఊరుండేది కదా?"

"చెరువు తవ్వేశారు."

"ఇక్కడ చింతచెట్టు?"

"చెరువే."

"ఇక్కడేనా నన్ను కాల్చింది?"

కిటికీలోంచి నేను ఆ గట్టు వైపు చూడకుండా కూర్చున్నాను. దానికెలా తెలిసిందో నేనడగలేదు. బస్సు దాటేదాకా అది ఆ గట్టునే చూసింది.

లంక

అప్పటికే పిన్ని ఫోన్ చేసేసింది కాబోలు, వీధిలో ఒక్క తలుపు తీసి లేదు. పిల్లల్ని లోపలికి లాగిన చప్పుళ్ళు వినపడ్డాయి. మా గుమ్మంలో మరదలు, సూరిబాబు భార్య, అడ్డంగా నిలబడింది. కొంగుతో ముఖం మూసుకుని ఏడుస్తోంది గానీ పక్కకి జరగలేదు. వాకిట్లో మా అమ్మ నులకమంచం మీద గోడ వైపు తిరిగి కూర్చుంది. శుక్లాలొచ్చి చూపు మందగించింది.

"అమ్మా, రత్నాన్ని తీసుకొచ్చాను" అన్నాను.

"రత్నం పొద్దున్నే వచ్చి తినేసి వెళ్ళిందిగా" అంది అమ్మ.

రత్నం వెళ్ళి మంచం పక్కన కూర్చుని అమ్మ కాళ్ళు పట్టుకుంది. అమ్మ కాళ్ళు వెనక్కి తీసుకుంది. కోపంగా కాదు, కొత్తవాళ్ళ దగ్గర తీసుకున్నట్టు.

"నువ్వెవరివమ్మా?"

ఆ మాట నేను బతికున్నంతకాలం మరవను. గోడ మీద అప్పటికే కాకి ఉంది. మధ్యాహ్నం ఎప్పుడూ రాదట.

ఊరి పెద్ద కోటయ్య బాబాయి వచ్చాడు. మంచివాడే. కానీ కట్టుబాటు మాటొస్తే ఆయనకి ఎదుటి మనిషి కనపడడు. "మన చేతులతో కాల్చేశాం కదమ్మా మంగా. కాల్చిన మనిషి గడప దాటకూడదు. మళ్ళీ పుట్టినట్టు కర్మలన్నీ చేయించాలి. పంతులుగారు కాశీ వెళ్ళారు, నెల పడుతుంది. అందాకా కడుపుతో ఉన్న పిల్ల కంట పడితే ఇద్దరికీ కీడు. చిన్ని అత్తవారికి ఫోన్ చేసి పంపొద్దని చెప్పేశాను."

"నెల తర్వాతైనా చూడనిస్తారా?" అంది రత్నం.

"అప్పటికి నెలలు నిండుతాయి. పురుడయ్యాక పసిగుడ్డు ఉంటుంది. అప్పుడూ కుదరదు. చూద్దాంలే."

రత్నం గాజుల పొట్లం నా చేతిలో పెట్టింది. "రేపు మధ్యాహ్నం దాకా ఉంటానక్కా. తర్వాత వెళ్ళిపోతాను. మళ్ళీ రాను."

గట్టు మీద పాక

దాన్ని చెరువు గట్టు మీద కాపలా పాకలో ఉంచారు. నేనూ దానితోనే ఉన్నాను, మా ఆయన సూరిబాబు వాకిట్లో ఉన్నారు. నాలుగు వైపులా నీళ్ళు, నీళ్ళ మీద మంచు. పాక ఎక్కడో మబ్బుల్లో కట్టినట్టుంది.

పొద్దు వాలకముందే సూరిబాబు అన్నం తెచ్చాడు. ఆకులో అన్నం, కొరమీను పులుసు. పాకలోకి రాలేదు. గట్టు మీద ఆకు పరిచాడు, పక్కన చెంబుతో నీళ్ళు పెట్టాడు, లేచి, వెనక్కి తిరిగి చూడకుండా నడిచాడు. ఏ మనుషులకి అలా పెడతారో మీకు తెలుసు. వాడు కావాలని చెయ్యలేదు తల్లీ, వాడి కాళ్ళకి అదే అలవాటు.

రత్నం ఆకు ముందు కూర్చుంది. ఒక ముక్క నోట్లో పెట్టుకుంది. నమలకుండా ఆగిపోయింది.

"సూరీ" అని పిలిచింది. "ఆ రోజు కూడా ఇదే పెట్టావు కదూ?"

వాడు ఆగాడు. వెనక్కి తిరగలేదు. "ఏ రోజు?"

"రెండేళ్ళు కావస్తోంది. సూర్‌లో నాకు జ్వరం. పది రోజులు నోట్లోకి మెతుకు దిగలేదు, ఒళ్ళంతా కాలిపోయింది. వాళ్ళ ఉపవాసాల నెలకి ఇంకా పదిరోజులుందనగా, శుక్రవారం, మిట్టమధ్యాహ్నం. కళ్ళు మూసుకుని ఉన్నాను. నోట్లో ఎవరో కొరమీను ముక్క పెట్టారు. పచ్చి చింతకాయ పులుసుది. పొట్ట ముక్క, ముల్లు కూడా నాలిక్కి తగిలింది. అక్కడ కొరమీను ఎక్కడిదిరా? మింగాను. జ్వరం దిగిపోయింది."

నేను వేళ్ళ మీద లెక్క వేశాను. మేం పిండం పెట్టింది శివరాత్రికి ముందు శుక్రవారం. కానీ కర్మనాడు ఇంట్లో నీచు వండరు. కొరమీను ఎక్కడిది?

సూరిబాబు అక్కడే తడి గట్టు మీద కూర్చుండిపోయాడు.

"ఎవరికీ చెప్పలేదక్కా" అన్నాడు, నాతోనో దానితోనో. "కాకి దిగడంలేదు. మీరంతా స్నానానికి వెళ్ళాక, అవతలి పాకలో కాపలావాళ్ళ కుండలో పులుసుంటే ఒక పొట్ట ముక్క తెచ్చి పిండం మీద పెట్టాను. దానికిష్టం కదా అని. కాకి అన్నం ముట్టలేదు, ఆ ముక్కొక్కటే ఎత్తుకుపోయింది. తప్పు చేశాననుకున్నాను. ఇన్నాళ్ళూ నా పెళ్ళానికి కూడా చెప్పలేదు."

గాలి మిషన్లు ఒక్కసారిగా ఆగాయి, కరెంటు పోయినట్టుంది. రత్నం ముల్లు తీసి ఆకు అంచున పెట్టి, మిగిలిన అన్నం ఒక్క మెతుకు వదలకుండా తింది.

సూరిబాబు లేచి, అమ్మకి చెప్పాలని ఇంటికి పరుగెత్తాడు.

సోలెడు తవుడు

మర్నాడు మంచు పల్చబడింది. పొద్దున్నే మమ్మల్ని వాకిట్లోకి రమ్మని కబురొచ్చింది. వెళ్ళేసరికి అమ్మ మంచం మీద కాదు, నడివాకిట్లో నిలబడి ఉంది. ముందు నేల మీద పెద్ద చేట. పక్కన సుబ్బులు పిన్ని.

కోటయ్య బాబాయి పంచె ఎగదోపుకుంటూ వచ్చాడు. "ఇదేంటి వదినా? పంతులుగారు రాకుండా..."

"కోటయ్యా, నీ మొదటి పేరేంటి?" అంది అమ్మ.

ఆయన ఎగదోపిన పంచె కిందికి దించుకున్నాడు.

"మీ అమ్మకి నీ ముందు ముగ్గురు పోయారు. నువ్వు పుడితే చేటలో పడుకోబెట్టి, పరాయిదానికిచ్చేసి, సోలెడు తవుడుకి తిరిగి కొనుక్కుంది. పదేళ్ళ దాకా నిన్ను తవిటయ్యా అనే పిలిచింది. ఏ పంతులొచ్చాడు? చావు నిన్ను మళ్ళీ గుర్తుపట్టిందా? డెబ్బై ఏళ్ళ నుంచి తింటున్నావుగా!"

గోడల వెనక ఎవరో కిసుక్కున నవ్వారు. బాబాయి మీసం దువ్వుకున్నాడు. "పసిపిల్లలకి చేస్తారు గానీ..." అని గొణిగాడు గానీ, వెళ్ళలేదు.

"నా బిడ్డ మనం పెట్టిన ముద్ద తిని బతికింది. పిల్ల కాకపోతే ఎవరు? సుబ్బులూ, ఎత్తుకో."

"ఎక్కడ ఎత్తుకోను అక్కా, నా నడుమేనా ఇది!" అంది సుబ్బులు పిన్ని. రత్నం చేటలో నిలబడింది. పిన్ని దాని భుజం పట్టుకుంది, పట్టుకోగానే చెయ్యి లాక్కుంది, మళ్ళీ గట్టిగా పట్టుకుంది. "నాదే ఈ పిల్ల! ఎవరికైనా కావాలా?"

అమ్మ తవుడు కోసం వంగేలోపు వీధిలో ఆటో ఆగింది. చిన్ని దిగింది. మొగుడు చెయ్యి పట్టుకోబోతే వదిలించుకుని, స్టీలు క్యాను పట్టుకుని గుమ్మంలోకి వచ్చింది. కోటయ్య బాబాయి గభాలున ముందుకొచ్చాడు.

"నేనే రమ్మన్నాను బాబాయ్" అన్నాడు సూరిబాబు, అడ్డం నిలబడి.

చిన్ని ముఖం పాలిపోయి ఉంది. చేటలో నిలబడ్డ మనిషి వైపు ఇంకా చూడటం లేదు. గోడనున్న దండ ఫొటో వైపు చూసింది.

"అమ్మమ్మా, నువ్వు కొనకు. నా పెళ్ళి కోసం కాల్చారు. నేనే కొంటాను."

సుబ్బులు పిన్నే ముందు తేరుకుంది. బేరం లేకపోతే కొన్నట్టు కాదు మరి.

"ఏమిస్తావే?"

"సోలెడు తవుడు."

"సోలెడా! అరబ్బు దేశంలో పనిచేసొచ్చిన పిల్ల, నాలుగు సోలలైనా..."

"నలభై నాలుగేళ్ళుంటాయి. పళ్ళు కూడా ఊడే ఉంటాయి" అంది చిన్ని. బేరం మానలేదు. "సోలెడే."

"తీసుకుపో తల్లీ, నాకూ బరువే!"

చిన్ని క్యాను వంచి పిన్ని కొంగులో తవుడు పోసింది. తర్వాత కళ్ళు మూసుకుని రెండు చేతులూ ముందుకు చాపింది. నేను పొట్లం విప్పి రత్నం చేతికిచ్చాను. మొదటి గాజు ఎక్కేటప్పుడు చిన్ని ఉలిక్కిపడింది.

"చల్లగా ఉన్నాయి" అంది.

"మంచులోంచి వచ్చానమ్మా" అంది రత్నం. "కాసేపుండు, వెచ్చబడతాయి."

రెండో చెయ్యి అయ్యేసరికి చిన్ని కళ్ళు తెరిచింది. గాజులు సరిగ్గా సరిపోయాయి.

"పేరు పెట్టాలి" అంది అమ్మ. కొన్నవాళ్ళే పెట్టాలి. చిన్ని తల్లి ముఖం తడిమి తడిమి చూసి, చెవిలో మూడుసార్లు చెప్పింది, "తవిటమ్మ, తవిటమ్మ, తవిటమ్మ" అని. మా చెల్లెలికి ఇప్పుడదే పేరు. రత్నం అంటే పలకదు. ఫొటో దండతో సహా సూరిబాబు తీసి నీళ్ళలో వదిలాడు. అది మునగడానికి చాలాసేపు పట్టింది.

ఆ తర్వాత మూడు రోజులున్నాం. చివరి రోజు పొద్దున్న అమ్మ అలవాటు కొద్దీ గోడ మీద ముద్ద పెట్టింది. చెల్లెలు వాకిట్లోనే చేపలు తోముతోంది. మొదటి తోకముక్క పక్కన పెట్టింది. కాకి వచ్చింది, ఎప్పుడూ వచ్చే వేళకే, ఎప్పుడూ వాలే చోటే. మెడ వంచి చూసింది.

అమ్మ దాని వంక చాలాసేపు చూసింది. ఒకసారి కూతురి వైపు, మళ్ళీ కాకి వైపు.

"మరి నువ్వెవరివమ్మా?" అంది.

కాకి కదల్లేదు.

"ఎవరివైతే ఏంలే" అంది అమ్మ, ముద్దని దాని ముందుకి జరిపి. "ఆకలితో వచ్చావు. తిను."

అదండీ నేను వెళ్ళొచ్చిన ఊళ్ళ కథ. ఇంత ఓపిగ్గా విన్న మీ ఇంట పోయినవాళ్ళు నెమ్మదిగా పోయి ఉందురు గాక, దూరాన ఉన్నవాళ్ళు పగటిపూట గుమ్మంలోంచే తిరిగొత్తురు గాక. మీ గోడ మీద పెట్టిన ముద్ద ఎవరు తిన్నా అది మీవాళ్ళ కడుపులోకే చేరు గాక. మీ చేతి గాజులు వెచ్చగా ఉండు గాక. ఇక లేవండి తల్లీ, పాలు మళ్ళీ పొయ్యి మీద పెట్టుకోండి.